అంచు కరకర, నడుమ మెత్తన

నేనొక ఇనప మూకుణ్ణి. పెద్దాపురంలో ఒక కమ్మరి పాత ఇనప రేకును ఎర్రగా కాల్చి, సుత్తితో రోజంతా మొత్తి నన్ను తయారుచేశాడు. అన్ని దెబ్బలు తిన్నాక పొయ్యి వేడి నాకొక లెక్క కాలేదు.

పాపాయమ్మ సంతలో నన్ను వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, మోత విని, చంకన పెట్టుకుని సామర్లకోట తీసుకొచ్చింది. ఇరవై ఏళ్లు నాలో గారెలు, బూరెలు వేయించింది. కోడలు సూర్యకళ కాపురానికొస్తూ అంటుకోని పెనం ఒకటి తెచ్చింది. ఆ సుకుమారిని చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. నన్ను నిజంగానే అటకెక్కించారు. బరువైనదాన్ని గౌరవిస్తామంటారు గానీ, ఎత్తాల్సి వచ్చేసరికి మనుషులకు తేలికైనదే ముద్దు.

పన్నెండేళ్లు గడిచాయి. సూర్యకళకు బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. మధ్యాహ్నం బస్సెక్కితే రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరదు. రాత్రి వంట భర్త నూకరాజు మీద పడింది. అతను మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కు. మాడిపోయిన మోటారునైనా బతికిస్తాడు గానీ, పొయ్యి మీద అతనికి ఉప్మా ఒక్కటే వచ్చు.

సోమవారం ఉప్మా. మంగళవారం ఉప్మా. బుధవారం కూతురు లిఖిత కంచం ముందుకు తోసేసింది.

“మళ్లీ ఉప్మాయేనా నాన్నా? కరకరలాడేది ఏదన్నా చెయ్యి.”

“నాకు మెత్తగా ఉండాల్రా అబ్బాయ్. నోట్లో పళ్లెక్కడున్నాయి?” అంది పాపాయమ్మ.

గురువారం నూకరాజు పెనం మీద బంగాళాదుంపల వేపుడు మొదలుపెట్టాడు. అది మాడి అంటుకుపోయింది. అలవాటు కొద్దీ స్క్రూడ్రైవరుతో గీకాడు. సుకుమారి పైపూత పొరలు పొరలుగా లేచిపోయింది. లిఖిత పాలల్లో బిస్కెట్లు ముంచుకు తిని పడుకుంది.

ఇంటికొచ్చిన సూర్యకళ పెనాన్నీ, మొగుడి మొహాన్నీ చూసింది.

“సోమవారం దాకా చూద్దామండీ. మీరంతా ఇలా ఇబ్బంది పడుతుంటే నాకీ ఉద్యోగమెందుకు? మానేస్తాను.”

భుజాన టిక్కెట్ల సంచి తగిలించుకున్నప్పటి నుంచి ఆమె నడకే మారింది. ఏ ప్రయాణికుడు ఏమన్నాడో నవ్వుతూ చెబుతోంది. ఆ నవ్వు తన చేతగానితనం వల్ల ఆగిపోతుందా అనిపించింది నూకరాజుకు.

మర్నాడు తల్లి పక్కన చతికిలబడ్డాడు. “అమ్మా, అప్పట్లో అందరికీ ఏం వండి పెట్టేదానివే?”

“ఇంట్లో ఉన్నదే వండేదాన్ని. ముందు అటక మీంచి మూకుడు దింపు.”

నాలో కాపురమున్న సాలీడును సాగనంపి, చింతపండుతో తోమి, నూనె రాశారు. పాపాయమ్మ కుర్చీలోంచి చెబుతుంటే నూకరాజు వండాడు. శుక్రవారం మిగిలిన అన్నం పులిహోర అయింది. వేరుశనగ పలుకులన్నీ లిఖిత ఏరుకుంది. శనివారం కోడిగుడ్ల పులుసు. ఆదివారం బియ్యపు రవ్వ, పెసరపప్పు వేసి ఉప్పుపిండి. అడుగున మాడు కట్టింది. ఆ మాడు కోసం తండ్రీ కూతుళ్లు కొట్టుకున్నంత పని చేశారు.

సోమవారం రానే వచ్చింది. పొద్దున నానబోసిన మినప్పప్పును లిఖిత మిక్సీలో రుబ్బింది. దాన్లో రవ్వ కలిపి, నాలో నూనె వేసి, మందంగా పోసి, మూత పెట్టి, మంట తగ్గించారు. నూకరాజు చేయి మూత మీదకే పోతోంది.

“తియ్యకురా! ఆవిరి పోతే పిడకలా అయిపోద్ది!” పాపాయమ్మ కేకేసింది.

నేను మాత్రం నా పని నేను చేశాను. గాభరా పడకుండా, అడుగున ఎక్కువగా, పక్కల కొంచెంగా వేడి పంచాను. బోర్లించగానే మినపరొట్టె అంటుకోకుండా పళ్లెంలో పడింది. ఎర్రటి అంచు విరిచి లిఖిత కరకరా నమిలింది. దూదిలాంటి నడుమను పాపాయమ్మ బెల్లం పానకంలో ముంచుకుని కళ్లు మూసుకుంది. ఒక్క రొట్టెతో ఇద్దరి పేచీ తీరిపోయింది!

ఆ రోజు డ్యూటీ మారడంతో సూర్యకళ ఏడింటికే వచ్చింది. గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూసిందో ఎవరికీ తెలియదు.

“నాకేమన్నా ఉంచారా?”

నూకరాజు ఉలిక్కిపడ్డాడు. అప్పుడే దిగిన రెండో రొట్టెను నాతోనే పట్టుకొచ్చాడు.

“అంచు కావాలా, నడుమ కావాలా?”

సూర్యకళ అత్తను చూసింది, కూతుర్ని చూసింది.

“రెండూ కావాలి,” అంది.

తర్వాత టిక్కెట్ల సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఇంట్లో అందరూ తన కోసం ఓర్చుకుంటున్నారనుకుని, ఉద్యోగం మానేస్తున్నానని మధ్యాహ్నమే రాసి పెట్టుకుందట. బల్ల కాలకుండా దాన్ని పరిచి, “ఇక్కడ దించండి,” అంది. నూకరాజు నన్ను దాని మీద దించాడు. అక్షరాలన్నీ నా మసి కింద మునిగిపోయాయి. వాటిని చదివే తీరిక అక్కడ ఎవరికీ లేదు, అందరి చేతులూ రొట్టె మీదే ఉన్నాయి.