పడవ మీద సంతకం

ఉత్తర జర్మనీలోని కీల్‌లో మా రాష్ట్ర ప్రభుత్వం టెండర్లు తీసుకునే ఆఫీసు సరిగ్గా పన్నెండింటికి తలుపు మూసేస్తుంది. ఒక్క నిమిషం దాటినా టెండరు కాగితాల పెట్టెను తెరవకుండానే తిప్పి పంపుతారు. అది తెలిసి కూడా మా యజమాని హిన్నెర్క్ లూర్సెన్ పదకొండుంపావుకి గానీ ఊరికి ఇవతలున్న కాలువ ఒడ్డుకు చేరలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

టెండరు ఒక వృత్తివిద్యా బడికి. కట్టేది మేము, ముప్పై ఏళ్లు చూసుకునేదీ మేమే, బడి మాత్రం ప్రభుత్వానిది. ఇలాంటి భాగస్వామ్యాలు ఇన్నాళ్లూ హాంబుర్గ్ పెద్ద కంపెనీలకే దక్కేవి. నలభైమందిమి ఉన్న మా కంపెనీ మొదటిసారి బరిలోకి దిగింది. ఇదీ పోతే వసంతంలో కంపెనీ అమ్మేస్తానని హిన్నెర్క్ అందరికీ చెప్పేశాడు. ప్లాన్లు గీసింది నేను, ఏడు నెలలు, ఆదివారాలు కూడా వదలకుండా.

వంతెన మీద మరమ్మతులు జరుగుతున్నాయని కారుతో సహా పడవ ఎక్కాం. సముద్రపు ఓడలు తిరిగే కాలువ అది, ఓడ వస్తే పడవ ఆగాల్సిందే. వచ్చింది మహాతల్లి, ఒళ్లంతా కంటైనర్లతో, ఎంత తీరిగ్గానో. దాన్ని తిట్టని తిట్టు లేదు.

అప్పుడు హిన్నెర్క్‌కి అనుమానం పట్టుకుంది, సంతకం పెట్టానా లేదా అని. పెట్టారని ఎంత చెప్పినా వినలేదు. జేబుకత్తితో పెట్టె సీలు కోసేశాడు. సరిగ్గా మూసి లేని టెండరు చెల్లదు మరి.

చివరి పేజీలో సంతకం లేదు.

"చూశావా అమ్మాయ్," అన్నాడు పాలిపోయిన ముఖంతోనే. పడవ నడిపే ఆయన్ని పెన్ను అడిగి, కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. ఆ ఓడ రాకపోతే మా పని అయిపోయేదే.

మళ్లీ మూయడానికి టేపు లేదు. పడవాయన మందుల పెట్టెలోంచి దెబ్బలకు వేసే పట్టీ చుట్ట తెచ్చిచ్చాడు. చుట్ట మొత్తం పెట్టెకు నాలుగు వైపులా నేనే చుట్టేశాను.

మెట్లన్నీ పరుగున ఎక్కి ఆఫీసులో పడేసరికి రెండు నిమిషాలు మిగిలాయి. బల్ల దగ్గర కూర్చున్న బ్రోడెర్సెన్ గారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ కట్లేంటండీ? ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"ఇంకా లేదమ్మా. అది మీరే చెప్పాలి," అన్నాడు హిన్నెర్క్.

ఆవిడ గోటితో పట్టీ లాగి చూశారు. ఊడలేదు.

"మూసుండాలని రూల్లో ఉంది. దేంతో మూయాలో లేదు," అని ముద్ర కొట్టారు. పదకొండు యాభై తొమ్మిది.

బయటికొచ్చి ఇద్దరం మెట్ల మీదే కూలబడ్డాం. గెలిచిందేమీ లేదు, పెట్టె లోపలికి వెళ్లింది, అంతే. అయినా నాకు గట్టిగా అరవాలనిపించింది. హిన్నెర్క్ చేతిలో ఇంకా పడవాయన పెన్నే ఉంది.

"వసంతంలో అమ్మనులే," అన్నాడు.

ఫలితం రాకుండానే ఎలా చెప్తారని అడిగాను.

"రాకపోతే ఇంకోటి వేద్దాం. ముందు ఈ పెన్ను ఇచ్చేసొద్దాం పద."