గుమ్మం వైపు తిరిగిన ముల్లు

స్కూల్లో ల్యాబ్ తాళం తీయగానే కాంట్రాక్టు మీద పనిచేసే సైన్సు మేడమ్ ముందుగా దిక్సూచి గాజు తుడుస్తుంది. ఏదో పెద్ద కాలేజీ వాళ్ళు వద్దనుకుని దానమిచ్చిన పాత సామానుతో వచ్చిందది. దాని ముల్లు ఉత్తరం చూడదు, తనతో వచ్చిన సామాను వైపే చూస్తుంది. వాటిలో ఏదన్నా గది దాటబోతే దాని వెంటే తిరుగుతుంది. ఆ మాత్రం బెంగ ఉండదా అని అందరూ సరిపెట్టుకున్నారు. పిల్లలైతే సామానంతా ఉత్తరపు గోడకి చేర్చి, రీడింగు తీసుకుని, మార్కులు వేయించుకుంటున్నారు.

మేడమ్ ఆ తుక్కును ఊరికే ఉండనివ్వలేదు. కాలిపోయిన ప్రొజెక్టరు కటకాలతో టెలిస్కోపు చేసింది, విరిగిన త్రాసు కాడతో లోలకం కట్టింది. అదే హెడ్డుగారికి కంట్లో నలుసైంది. లాభం లేకుండా ఎవరైనా ఇంత ఒళ్ళు వంచుతారా అని ఆయన అనుమానం. ఆమె కాంట్రాక్టు పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. సంతకం పడకపోతే ఆమెకిక ఇంటి దగ్గర ట్యూషన్లే గతి. సరిగ్గా ఆ వారమే సామానులోని గాజు పట్టకం కనబడకుండా పోయింది.

ఆయన దిక్సూచి ముందు నిలబడి చూశాడు. ముల్లు సామానుని వదిలేసి మేడమ్ వైపు తిరిగి ఉంది.

"ఆ సంచి ఇలా తీసుకురామ్మా," అన్నాడు.

ఆమె సంచి బల్ల మీద బోర్లించింది. క్యారేజీ, గొడుగు, కళ్ళజోడు.

"ఇంకెక్కడ పెట్టావ్?"

"నేను తీయలేదు సార్."

"మరి ముల్లు అబద్ధమాడుతుందా?"

ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకుంది. తాళాలు బల్ల మీద పెట్టి గుమ్మం వైపు నడిచింది. ఖాళీ చేతులతో వెళ్తున్న ఆమె వెంట ముల్లు గుమ్మం దాకా తిరిగింది. హెడ్డుగారు అది చూసి కూడా ఆమె మాట నమ్మలేదు. ఆ కాంట్రాక్టు కాగితం చించిపారేద్దామని పక్కనే ఉన్న తన గదిలోకి వెళ్ళాడు.

కాగితం ఎగిరిపోకుండా దాని మీద పట్టకం ఉంది. దానమిచ్చినవాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికి తనే తెచ్చుకుని, ఆ సంగతే మరిచిపోయాడు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. పక్క గదిలో ఉన్న పట్టకాన్ని వదిలేసి ముల్లు వెళ్ళిపోయే మనిషిని చూస్తోందన్నమాట.

వరండా చివర ఆమెను ఆపి వెనక్కి తీసుకొచ్చాడు. పట్టకం ఆమె చేతికిచ్చి, దిక్సూచి పక్కనే కాగితం పెట్టి సంతకం చేశాడు. ముల్లు మెల్లగా ఆమెను వదిలి ఉత్తరపు గోడ వైపు మళ్ళింది.

"రేపు పొద్దున్నే వచ్చి పట్టకం దాని స్టాండుకి బిగిస్తాను సార్," అని ఆమె తాళాలు తీసుకుంది.

ఆయన గుమ్మం దాటుతూ ఆగి, ఒకసారి వెనక్కి చూశాడు. ముల్లు కదల్లేదు.