వీధి తడిపిన అల్లుడు

ఇలా దగ్గరగా జరగండి, చెవులు ఇటు పడేయండి. అత్తగారి మెప్పు కోసం వీధి తడిపిన ఒక అల్లుడి కథ చెబుతాను.

అతను ట్యాంకర్ డ్రైవరు. ఊరి బయట గ్యాస్ బావులుండేవి. బావులంటే చేద వేసి తోడేవి కావు. భూమిలోకి చాలా లోతుగా బోరు దించి, నీళ్లలో ఇసుకా మందులూ కలిపి, అడుగున రాయి పగిలేంత జోరుతో కొడతారు. ఆ పగుళ్లలోంచి గ్యాస్ వస్తుంది. కొట్టిన నీళ్లలో కొన్ని కూడా వెనక్కి తన్నుకొస్తాయి, రాతి కడుపులోని ఉప్పునూ ఇంకా వేటివేటినో వెంటబెట్టుకుని. ఆ నీటిని దూరంగా పారబోసే చోటికి మోయడమే అతని పని. గొట్టం బిగించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోమనీ, ఆ చేతులతో కళ్లు తుడుచుకోవద్దనీ సూపర్‌వైజరు మొదట్లోనే చెప్పాడు. ఆ నీళ్లు పడీ పడీ అతని తోలు బూట్లు ఎండుటాకుల్లా పెళుసెక్కాయి.

మళ్లీ ఆ సూపర్‌వైజరే బావుల దగ్గరి మట్టిరోడ్ల మీద ఆ నీళ్లు చల్లించేవాడు. "దుమ్మూ అణుగుతుంది, మనకో ట్రిప్పూ తప్పుతుంది" అనేవాడు.

డ్రైవరు అత్తగారు అతనుండే వీధిలోనే, రెండిళ్ల అవతల, మేకలు పెంచి ఇంటింటికీ పాలు పోసేది. అందరూ ఆవిణ్ణి మేకలమ్మ అనేవారు. పెళ్లయిన దగ్గర్నుంచీ అల్లుణ్ణి ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. లారీల రాకపోకలతో వీధంతా దుమ్ము లేచి, ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాల్సి వచ్చేసరికి ఆవిడ నోటికి పని దొరికింది.

"ఇదంతా మీ లారీలు లేపిన దుమ్మే అల్లుడూ. మీ సూపర్‌వైజరు రోడ్డేమో కడిగిన పళ్లెంలా ఉంటుంది. అత్తగారి వీధిలో నాలుగు చుక్కలు చల్లితే నీ సొమ్మేం పోయింది?"

మర్నాడే అతను ట్యాంకర్ తెచ్చి, వాల్వు తిప్పి, వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిపాడు. దుమ్ము తోక ముడిచింది. జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

"అల్లుడంటే అలా ఉండాలి!" అన్నాడు ఎదురింటి దర్జీ.

"మరేమనుకున్నావ్? ఏరికోరి తెచ్చుకున్నాను" అంది మేకలమ్మ, పెళ్లినాడు మూతి మూడు వంకర్లు తిప్పిన సంగతి మరిచిపోయి. "బాబూ, లోపలికొచ్చి కూర్చో" అని అతన్ని మొదటిసారి పిలిచింది.

ఆ 'బాబూ' కోసం అతను మళ్లీ మళ్లీ చల్లాడు. నీళ్లు ఆరాక వీధి మీద తెల్లటి పొర తేలేది. మేకలు మేత వదిలేసి వచ్చి ఆ పొరను నాకేవి.

"వీటికి ఉప్పు కొనే పని కూడా తప్పించాడు మా అల్లుడు" అని మేకలమ్మ మురిసిపోయింది.

అంతలో చూడి మేక ఒకటి నెలలు నిండకుండానే చచ్చిన పిల్లను వేసింది. ఏం తిన్నదని పశువుల డాక్టరు అడిగితే, ఎప్పటి మేతేనంది మేకలమ్మ. పక్కనే నిలబడ్డ అల్లుడు నోరు మెదపలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, దానికంటే ముందు ఆ 'బాబూ' పోతుంది. మింగలేడు, కక్కలేడు.

ఆ సాయంత్రం అతని భార్య రెండేళ్ల కూతురికి పాలగ్లాసు అందించబోయింది. అతను లాక్కుని గటగటా తాగేశాడు. పిల్ల గుక్కపట్టింది.

"ఇదేం బుద్ధండీ, చంటిదాని నోటి దగ్గరవి?"

"ఆకలేసింది."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పిల్లకు గంజి పట్టమనేవాడు. విషయం మేకలమ్మ చెవిన పడింది.

"నా పాలు రుచి మరిగాడు, పాపం! ఆ ముక్క నాతో అంటే ఇంకో చెంబు పంపనూ?" అని నవ్వి, అన్నట్టే పంపింది. అతను అవీ తాగాడు.

ఒక పొద్దున మేకలమ్మ పాలక్యానుతో దర్జీ ఇంటికి బయల్దేరింది. దర్జీ కోడలు నిండు చూలాలు. అల్లుడు గుమ్మంలోంచి చూశాడు. ఒక గ్లాసైతే తాగొచ్చు, ఒక చెంబైతే తాగొచ్చు. వీధి వీధంతటి పాలూ ఎవడు తాగగలడు?

"అత్తయ్యా, ఆగండి! ఆ పాలు పొయ్యకండి."

"ఏం, ఇవీ కావాలా?"

అప్పుడు చెప్పాడు. ఆ నీళ్లు ఎక్కడివో, తొడుగులెందుకో, బూట్లేమయ్యాయో, అన్నీ.

ఆవిడ క్యాను దించింది. "అందుకేనా పిల్ల పాలు తాగావు?"

"అవును."

"ఈ పాలల్లో ఏముంది?"

"నాకు తెలీదు అత్తయ్యా. అదే భయం."

"నీళ్ల సంగతి ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త హాయిగా ఉండేది. క్యాను ఎత్తి అటూ ఇటూ చూసింది. వీధిలో పోస్తే మేకలు నాకుతాయి. పెరట్లో పోస్తే ఆకుకూర మడి. గుమ్మం పక్క పోస్తే పిల్ల ఆడుకునే చోటు.

"ఎక్కడ పారబొయ్యమంటావు, నువ్వే చెప్పు" అంది.

అతను వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. ఆవిడ క్యానుకు మూత పెట్టి అతని చేతికిచ్చింది. "పద. నువ్వు తడిపిన ప్రతి గుమ్మంలోనూ నువ్వే చెప్పు. పాలు పోసిన దాన్ని, పక్కన నేనుంటాను."

మొదట దర్జీ తలుపు తట్టారు. వారం తిరక్కుండా డ్రైవరు ఉద్యోగం పోయింది. మేకలను కట్టేశారు. వాన పడి ఆ తెల్లటి పొర కాలవలో కలిసింది. కాలవ ఎటు పోతుందో వీధిలో ఎవరూ అడగలేదు. ఆవిడ అతన్ని మళ్లీ 'అల్లుడూ' అనే పిలిచింది.

కథ ఇంతే. మీ గుమ్మం ముందు ఎవరైనా ఊరికే నీళ్లు చల్లితే, అవి ఎక్కడి నీళ్లని ముందు అడగండి. ఇది గుర్తుంచుకుని, మీ దగ్గర కూర్చునే వాళ్లకు కూడా చెప్పండి. పారబొయ్యడానికి చోటు దొరక్క మూత పెట్టిన ఆ క్యాను సంగతి మాత్రం వదిలెయ్యకండి.