చీమలమ్మ పరిశీలన పుస్తకం

మా అమ్మను వీధిలో అందరూ చీమలమ్మ అనేవారు. సాయంత్రం నాలుగున్నరకల్లా ఒక పొడవాటి తాడు పట్టుకుని ఆవిడ ముందు నడిచేది. తాడుకు ముడులుండేవి. ఒక్కో ముడి పట్టుకుని ఒక్కో పిల్లో, పిల్లాడో వెనకాలే నడిచేవారు. పది మంది, ఒక్కోసారి పన్నెండు మంది. వీధి చివరి పార్కు దాకా వెళ్ళి మళ్ళీ అలాగే వరుసగా తిరిగొచ్చేవారు. మందుల షాపాయన కౌంటర్ మీంచి వంగి చూసి, "చీమలు బయల్దేరాయి. నాలుగున్నరయింది" అని గడియారం సరిచేసుకునేవాడు. ఆ పేరు ఆయన పెట్టిందే.

ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ పిల్లల్ని పగలంతా చూసుకోవడం అమ్మ పని. మా ఇంటి కింది భాగమంతా ఆ పిల్లలదే. మేం పై గదుల్లో ఉండేవాళ్ళం. కింద హాల్లో మోకాలెత్తున ఒక కుళాయి, గోడకు వరుసగా సంచులు తగిలించే కొక్కేలు. ప్రతి కొక్కెం మీదా పేరుకు బదులు ఒక బొమ్మ ఉండేది. చేప, గొడుగు, బండి, టోపీ. "చదవడం రానివాళ్ళకి పేరెందుకే?" అనేది అమ్మ. సబ్బు, కాచిన పాలు, తడి తువ్వాళ్ళు, మైనపు రంగులు అన్నీ కలిసి ఆ గదికో వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడ ఏ పిల్లల గదిలో అడుగు పెట్టినా ఒక్క క్షణం ఆ హాల్లో నిలబడినట్టే ఉంటుంది నాకు.

కానీ చిన్నప్పుడు ఆ గదంటే నాకు గిట్టేది కాదు. పగలంతా నేనూ ఆ పది మందిలో ఒకదాన్ని. నాకో బొమ్మ, కొక్కెం లేవు. "ఇల్లంతా నీదేగా" అనేది అమ్మ. ఆవిడ ఒళ్ళో మాత్రం ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఉండేవారు. పెద్దయ్యాక ఆవిడతో పోట్లాడినప్పుడల్లా నా నోట ఒకటే మాట వచ్చేది. "ఊళ్ళో పిల్లలందరూ కనబడతారు నీకు, నేను తప్ప." ఆవిడ చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేది.

అమ్మకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చిన సంవత్సరం శిశు సంక్షేమ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇకమీదట పిల్లల్ని చూసుకునే ప్రతి కేంద్రమూ నాణ్యత గుర్తింపు తీసుకోవాలి. పరిశీలకులు వచ్చి చూసి నక్షత్రాలిస్తారు. మూడొస్తే ఉత్తమం, ఒకటైనా వస్తే నడుపుకోవచ్చు. ఏడాదిలోగా ఒక్కటీ రాకపోతే నలుగురికి మించి పిల్లల్ని ఉంచుకోకూడదు. దాంతోపాటు వచ్చిన దరఖాస్తే నలభై రెండు పేజీలు.

అప్పటికి నేనొక కంపెనీలో రికార్డుల గుమాస్తాను. కాగితాలంటే భయం లేదు కాబట్టి ఆ నలభై రెండు పేజీలూ నా నెత్తిన పడ్డాయి. "పిల్లలు ఏడ్చినప్పుడు మీరు అనుసరించే విధానం ఏమిటి?" అని చదివాను ఒక ఆదివారం.

"విధానమేంటే? ఏడుపుని బట్టి ఉంటుంది."

"ఎన్ని రకాలు?"

అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆకలేడుపు, నిద్రేడుపు, తోడు కోసం ఏడుపు, ఎవరైనా చూస్తున్నారా అని ఓ కన్ను తెరిచి ఏడ్చే ఏడుపు. తొమ్మిది దాకా వచ్చి ఆగింది. ఫారంలో ఖాళీ రెండు వరుసలే ఉంది. ఆ దరఖాస్తు పూర్తయ్యేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

పరిశీలకురాలు ఒక మంగళవారం ఉదయం వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, చంకలో ఫైలుతో. గుమ్మంలోనే చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని ప్లగ్గులు ఎంత ఎత్తులో ఉన్నాయో పిల్లల కళ్ళతో చూసింది. కుళాయి తిప్పింది, పరుపు దుప్పట్లు వాసన చూసింది. తర్వాత పిల్లల కుర్చీలో కాళ్ళు ముడుచుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. నేనూ సెలవు పెట్టి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ పూట గొడుగు బొమ్మ పాప కిటికీ పట్టుకుని వాళ్ళమ్మ వెళ్ళినవైపే చూస్తూ వెక్కుతోంది. అమ్మ వెళ్ళి ఎత్తుకోలేదు. ఆ పాప పక్కన నేల మీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టింది. పాపవైపు చూడను కూడా చూడలేదు. అయిదో తువ్వాలుకి వెక్కిళ్ళు తగ్గాయి. ఎనిమిదోది పాపే మడతపెట్టింది, ఉండలా చుట్టి. అమ్మ దాన్ని సరిచెయ్యకుండా దొంతర మీద పెట్టింది. పరిశీలకురాలి పెన్ను చాలాసేపు కదిలింది.

చివరికి ఆవిడ అడిగింది. "పరిశీలన పుస్తకాలేవమ్మా?"

"అంటే?"

"ఒక్కో బిడ్డా ఏం చేస్తోంది, ఏం నేర్చుకుంటోంది, ఎక్కడ కష్టపడుతోంది? రోజూ రాసుకునే పుస్తకాలు."

"రాయడమెందుకమ్మా? నాకు తెలుసుగా" అంది అమ్మ. అని, చేప బొమ్మ దగ్గర మొదలుపెట్టి పది మంది గురించీ చెప్పుకొచ్చింది. ఎవడు ఎడమచేత్తో తింటాడు, ఎవరికి తలుపు చప్పుడంటే భయం, ఎవరు మాటలు రాకపోయినా పాటకి తలాడిస్తారు. పరిశీలకురాలు పెన్ను పక్కన పెట్టి విన్నది.

"మీకు తెలుసని నాకు తెలుస్తూనే ఉందమ్మా" అంది ఆఖరికి. "కానీ రేపు మీకు జ్వరమొచ్చి ఇంకొకరు ఈ గదిలో కూర్చుంటే, వాళ్ళకెలా తెలుస్తుంది? తలుపు దబాలున వేసేస్తారు. ఆ బాబు పొద్దస్తమానం వణుకుతూ కూర్చుంటాడు."

రికార్డుల విభాగంలో సున్నా వచ్చింది. ఒక్క విభాగంలో సున్నా వచ్చినా నక్షత్రం ఇవ్వరట. పరిశీలకురాలు మూడు నెలల గడువిచ్చి వెళ్ళింది.

ఆ వారమంతా అమ్మ ముఖం మాడ్చుకుని తిరిగింది. "ముప్ఫై ఏళ్ళు పెంచాను. ఇప్పుడు నేను అయిదో తరగతి చదివిందే కనబడిందా వీళ్ళకి? నాకొద్దీ నక్షత్రాలు. నలుగురితో సరిపెట్టుకుంటా."

"సరే. ఏ నలుగురు?" అన్నాను.

ఆవిడ కొక్కేల ముందుకు వెళ్ళి నిలబడింది. చేప నుంచి టోపీ దాకా చూసింది, మళ్ళీ టోపీ నుంచి చేప దాకా చూసింది. చివరికి నావైపు తిరగకుండానే, "ఓ నోటుపుస్తకం తెచ్చిపెట్టు" అంది.

పది పుస్తకాలు తెచ్చాను. నాలుగు రోజులయ్యాక చూస్తే పదింటిలోనూ ఒకటే రాసి ఉంది. తిన్నాడు. పడుకున్నాడు. బాగానే ఉన్నాడు. తిన్నది. పడుకున్నది. బాగానే ఉన్నది.

"ఇది పరిశీలనా, ఆసుపత్రి చీటీయా?" అని కేకలేశాను. "చూసింది చూసినట్టు రాయమ్మా."

"చూసింది రాయాలంటే ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదే" అంది. బడిలో దెబ్బలు తిన్న పిల్లలా ఉంది ఆ గొంతు. నాకు జాలేసింది.

"పోనీ ఒక్కరి గురించే రాయి. నీకు బాగా గుర్తున్న బిడ్డ, ఎప్పటి బిడ్డయినా సరే. ఒక్కరోజు ఏం జరిగిందో రాయి చాలు."

రెండు రోజుల తర్వాత పొద్దున్నే నా టిఫిన్ డబ్బా పక్కన ఒక కాగితం కనిపించింది. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి పైకీ కిందికీ పోతున్నాయి.

"పాప వయసు నాలుగేళ్ళ రెండు నెలలు. పొద్దున కొత్త బాబు వచ్చాడు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నాను. ఈ పాప దూరంగా నిలబడి చూసింది. ఏడవలేదు. నా చెప్పులు తీసుకెళ్ళి మెట్ల కింద దాచింది. సాయంత్రం నడకకి నేను వట్టి కాళ్ళతో వెళ్ళాను. ఈ పాప చివరి ముడి పట్టుకుంది. దారంతా నా కాళ్ళే చూసింది. రోడ్డు కాలుతోంది. పార్కు దగ్గర తన చెప్పులు విప్పి నాకు ఇచ్చింది. అవి నాకు పట్టవని నేను చెప్పలేదు. చేత్తో పట్టుకుని నడిచాను. ఇద్దరం వట్టి కాళ్ళతో ఇంటికి వచ్చాం. తర్వాత నా చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఈ పాప తప్పు చేస్తే తనే దిద్దుకుంటుంది. పక్కన ఉంటే చాలు. ఈ పాపకి నా ఒడి సరిపోయినంత దొరకలేదు. అది నా లోటు. పాపది కాదు."

నేనా రోజు పూర్తిగా మరిచిపోయాను. ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాక అరికాళ్ళకు ఆ రోడ్డు వేడి తగిలింది. ముందు నడుస్తున్న అమ్మ మడమలు, వాటికంటుకున్న దుమ్ము, ఆవిడ చేతిలో ఊగుతున్న నా చిన్న ఎర్ర చెప్పులు అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

కిందికి వెళ్ళాను. పిల్లలింకా రాలేదు. అమ్మ కుళాయి తుడుస్తోంది.

"ఎలా ఉంది? మార్కులొస్తాయా?" అంది తల తిప్పకుండా.

"అక్షరదోషాలు మూడున్నాయి" అన్నాను. కాగితం మడతపెట్టి, "నేను దాచడం చూశావా అప్పుడు?" అన్నాను.

"చూడకేం?"

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం? నేనన్ని మాటలంటుంటే?"

అమ్మ తుడిచే గుడ్డ పిండి ఆరేసింది. "నువ్వెప్పుడు అడిగావే? కనబడట్లేదని తేల్చి చెప్పేదానివి. తేల్చేసినదానికి జవాబేం చెప్తాం? పైగా నువ్వన్నదాంట్లో కొంత నిజముంది కూడా."

ఆ మాట ఆవిడ నోట వింటానని నేననుకోలేదు. ఏడ్చాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు, పక్కనే నిలబడి ఉతికిన తువ్వాళ్ళ బుట్ట ముందుకు జరిపింది. ఇద్దరం మడతపెట్టాం. ఆ పూట ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్ళాను.

ఆ తర్వాత అమ్మ కలానికి అడ్డు లేకపోయింది. "బండి బాబు ఈరోజు అబద్ధమాడాడు. మొదటిసారి. తెలివి పెరుగుతోంది." "టోపీ పాప అరటిపండు సగం నాకు పెట్టింది, తనకి నచ్చని సగం." సాయంత్రాలు పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ఆ పుస్తకాలు తెరిచి గుమ్మంలోనే నిలబడిపోయేవారు. చేప బాబు వాళ్ళ నాన్న హెల్మెట్ తియ్యడం కూడా మరిచి చదివేవాడు. పిల్లలేమో ఇంటికి పోదామని చొక్కాలు పట్టి లాగేవారు.

మూడు నెలలకు పరిశీలకురాలు మళ్ళీ వచ్చి, అదే చిన్న కుర్చీలో కూర్చుని పది పుస్తకాలూ చదివింది. రెండుసార్లు నవ్వింది, ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నెల తిరక్కుండా రెండు నక్షత్రాల పత్రం వచ్చింది. వెనకవైపు ఇంకో తలుపు లేదని మూడోది ఇవ్వలేదు. "తలుపు లేకపోతే నా పెంపకానికేం తక్కువైంది?" అని అమ్మ గొణుక్కుంటూనే ఫ్రేము కట్టించింది.

దాన్ని గోడకు కొట్టడానికి మళ్ళీ సెలవు పెట్టాను. నేను మేకు కొడుతుంటే పిల్లలంతా చుట్టూ మూగారు.

"అదేంటి?" అంది గొడుగు పాప.

"నేను మంచిపిల్లనని ఇచ్చారు" అంది అమ్మ.

"మరి నాకేది?"

దాంతో పది మందీ అందుకున్నారు. చేసేదేముంది? కూర్చుని పది కాగితాల మీద నక్షత్రాలు గీశాను. అమ్మ పక్కనుంచి ఎవరిది ఎందుకో చెబుతుంటే రాశాను. అబద్ధమాడినందుకు బండి బాబుకీ ఒకటిచ్చింది. అందరివీ గోడకు అంటించేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలు చాపల మీద పడుకున్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. నేనూ ఒక పక్కకి ఒరిగాను, ఓ నిమిషం నడుం వాలుద్దామని.

మెలకువ వచ్చేసరికి నాలుగు దాటింది. పిల్లలంతా లేచి పాలు తాగేస్తున్నారు. ఎవరో నా మీద చిన్న దుప్పటి కప్పారు. అది మోకాళ్ళ దాకానే వచ్చింది.

"లేపలేదేం?" అన్నాను.

"నిద్రపోతున్నావుగా" అంది అమ్మ, గ్లాసులు సర్దుకుంటూ.