నాలుగో వేలు

అంట్లు తోముతుంటే జూలియా ఎడమచేతి ఉంగరం వేలు మళ్ళీ సలిపింది. కణుపు వాచి, పెళ్ళి ఉంగరం కండలోకి దిగబడిపోయింది. సబ్బు పెట్టింది, నూనె రాసింది, దారం చుట్టి లాగింది. ఊడలేదు. కోసి తీయకపోతే వేలికే మోసమని డాక్టరమ్మ చెప్పింది.

"కోసేదా?" అత్త అంతోనమ్మ శిలువ గుర్తు వేసుకుంది. "మీ మామ బంగారు మైన్‌లో దిగి సంపాదించిన దుడ్డుతో చేయించినాడమ్మా దాన్ని. పెండ్లి ఉంగరం కోస్తే ఇంటికి మంచిదా?"

బెంగళూరు రైలుకు తయారవుతున్న భర్త గాడ్విన్ తల కూడా ఎత్తలేదు. "ఆదివారం చర్చిలో అందరూ నీ చెయ్యే చూస్తారు. రవంత ఓర్చుకో, వాపు అదే పోతాది. ఇంగ నా టిఫిన్ డబ్బా యాడ ఉండాది?"

జూలియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉంగరం గురించి ఇంత మాట్లాడినవాళ్ళు వేలు ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ఈ చేత్తోనే కదా పడకేసిన మామకు చివరిదాకా గుడ్డలు మార్చింది! బడిలో జీతానికి పాఠం చెప్పి వచ్చి, ఇంట్లో జీతం లేని కొలువు మొదలుపెట్టేది. "నీకేమి, కుర్చీలో కూర్చోని చెప్పే పని" అని గాడ్విన్ చుట్టాల ముందు నవ్వితే తనూ నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి టెరోసార్ల పాఠం.

"ఇవి పక్షులు కావు, డైనోసార్లూ కావు. ఎగిరే సరీసృపాలు. ఇవి పుట్టినప్పుడు నేలమీద పూలు కూడా లేవు. మన కోలారు రాయి మాత్రం అప్పటికే ముసలిది. బంగారం దాంట్లోనే ఉండె, కావాలని అడిగేవాళ్ళే లేరు."

"రెక్కకు ఈకలు ఉండెనా మిస్?" ముందు బెంచీలోని నమ్రత అడిగింది.

"లేదమ్మా, తోలే రెక్క. ఆ తోలంతా ఒక్క వేలి మీద సాగి నిలబడేది."

జూలియా ఎడమచెయ్యి పైకెత్తి బొటనవేలి నుంచి లెక్కపెట్టింది. టెరోసార్‌కు మొదటి మూడూ చిన్న గోళ్ళ వేళ్ళు. చిటికెన వేలు లేనే లేదు. "ఇదిగో, ఈ నాలుగోది. పొడుగ్గా పెరిగి మొత్తం రెక్కనే మోసేది."

పిల్లలు ఆ వేలినే చూశారు.

"మిస్, అది నల్లగా అయిపోయినాది" అంది నమ్రత భయంగా.

పొద్దుటి నుంచి కొంగులో దాచుకున్న చేతిని జూలియా వెలుతురులో అప్పుడే చూసుకుంది. ఆ పిల్ల గొంతులోని భయం ఇంట్లో ఒక్కరికీ కలగలేదు.

బడి వదలగానే ఆమె రాబర్ట్‌సన్‌పేటలో కంసాలి ఆంజినప్ప అంగడికి వెళ్ళింది. ఆయన చిన్న కత్తెర తీసి, మళ్ళీ పక్కన పెట్టాడు.

"ఉంగరం మళ్ళీ అతికించినా మచ్చ ఉంటాదమ్మా. ఇంట్లో సారుకు ఒక ఫోన్ చెయ్యండి. రేపు నాకు మాట రాకూడదు."

రాత్రి ఇంట్లో ఏం గొడవవుతుందో తెలుసు. అయినా జూలియా చెయ్యి చాచి బల్ల మీద పెట్టింది.

"ఉంగరం వాళ్ళదేనప్పా, తీసకపోయి వాళ్ళకే ఇచ్చేస్తాను. వేలు నాది. కొయ్యి."