ఒకే నీలం తెరలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసంతా తెలుసు. అందుకే కంప్యూటర్ మొరాయిస్తే ముందు దాని నెత్తిన రెండు మొట్టి, అప్పటికీ దారికి రాకపోతేనే నాకు ఫోన్ చేస్తారు. నేను నా గదిలోంచి కదలకుండానే వాళ్ళ తెరని నా తెర మీదకి తెచ్చుకుని, జబ్బేంటో చూసి బాగుచేస్తాను. ఇరవై కంప్యూటర్లకి నేనొక్కదాన్నే డాక్టర్ని.

మాది కృత్రిమ కాళ్ళు తయారుచేసే సంస్థ. వచ్చినవాళ్ళని టేపు పట్టి కొలిచి, ఆ లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది కొలతలక్క. పదిహేనేళ్ళ సర్వీసు. ఆవిడ చేతిలో అర సెంటీమీటరు తప్పడం నేనెరగను.

అలాంటావిడ తెర మీద కొలతల ఫోల్డర్ నెలలో మూడోసారి మాయమైంది. మొదటి రెండుసార్లూ ముందురోజు కాపీలోంచి తెచ్చిపెట్టాను. ఈసారి మేనేజరు ఊరుకోలేదు. "ఆవిడకి మతి తప్పింది, ఇంటికి పంపేద్దాం" అని యజమానురాలి చెవిన వేశాడు. పన్నెండింటికి మీటింగ్.

పదకొండున్నరకి అక్క ఫోన్ చేసింది. "నిజంగా నేనే తీసేస్తున్నానేమోనే. నిన్న స్టవ్ ఆర్పానో లేదో అని సగం దారిలోంచి వెనక్కెళ్ళాను. మతి పోతోందని మా ఆయనకి కూడా చెప్పేశాను."

నాకు ఒళ్ళు మండింది. "ఊరుకో అక్కా! ముందు నీ తెర చూడనా?"

"చూడవే. దానికి నన్నడగాలా?"

అడగాలి. ఒకప్పుడు అడిగేవాళ్ళం. ఎవరి తెర చూడాలన్నా ముందు వాళ్ళకి చిన్న పెట్టె కనిపించేది, చూడనివ్వాలా వద్దా అని. ఈ మేనేజరు వచ్చాక, "జీతమిచ్చి మళ్ళీ వీళ్ళని అడుక్కోవాలా?" అని తీయించేశాడు. తీసింది నేనే. గొణుక్కుంటూనే తీశాను, కానీ తీశాను. పైగా పిల్లల ఫొటోలూ కుక్కపిల్లల ఫొటోలూ పనికిరావు, అందరి తెరల మీదా సంస్థ గుర్తున్న నీలం బొమ్మే ఉండాలని ఇంకో హుకుం. అదీ నా చేత్తోనే చేశాను.

అక్క కంప్యూటర్లోకి వెళ్ళాను. చెత్తబుట్టతో సహా ఊడ్చిపెట్టి ఉంది. ఫోల్డర్ తీసేసిన సమయం పదీ ఇరవై రెండు. ఆ వేళకి అక్క పక్క గదిలో ఒక డ్రైవరు మోకాలు కొలుస్తోంది. తెర మూలన చిన్న అంకె కనిపించింది. చూస్తున్నవారు ఇద్దరు. ఒకదాన్ని నేను. రెండో పేరు నొక్కితే మేనేజరు. పొద్దున్న పదింటి నుంచీ అక్కడే ఉన్నాడు.

ఇంతలో ఆయనే నా గది గుమ్మంలోకి వచ్చాడు. "వాడినవారి పొరపాటు అని రెండు ముక్కలు రాసిచ్చెయ్."

"రాయను సార్."

"నీ ఉద్యోగం కూడా ఉండాలనుందా?"

"ఉండాలనే ఉంది. అబద్ధం మాత్రం రాయను."

మీటింగ్ గదిలో అక్కని అడిగి ఆవిడ తెరని గోడ మీద వేశాను. మేనేజరు గోడకి వీపు పెట్టి, తన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఈ తెర మీద ఇంకెవరో ఉన్నారమ్మా అని యజమానురాలితో నేనన్నానో లేదో, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎగిరిపడ్డాడు.

"చూశాను, అయితే ఏంటి? చూడటం నా పని. చెయ్యి మాత్రం పెట్టలేదు. అది ఎప్పుడో మూసేశాను కూడా. కబుర్లెందుకు, ఉత్తరం ఇప్పుడే కొట్టేస్తా."

టకటకా మొదలెట్టాడు. గోడ మీద అక్క తెరలో తెల్లకాగితం తెరుచుకుంది. "మీ నిర్లక్ష్యం కారణంగా మిమ్మల్ని విధుల నుంచి" అని అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

యజమానురాలు కళ్ళద్దాలు సర్దుకుంది. "ఈవిడ కంప్యూటర్లో టైప్ చేస్తున్నదెవరు?"

అక్క బెదిరిపోయి రెండు చేతులూ పైకెత్తింది. "నేను కాదమ్మా!"

"ఆగకండి సార్," అన్నాను. "సంతకం దాకా కానివ్వండి."

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

అన్నీ ఒకే నీలం. అక్క తెర తన తెర నిండా పరుచుకుని ఉంటే అది తనదే అనుకున్నాడు. తన పాత ఫైళ్ళు శుభ్రం చేస్తున్నాననుకుని అక్క కొలతలు ఊడ్చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"పొరపాటు జరిగింది," అని నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"మూడు పొరపాట్లు సార్," అంది అక్క. "నెల రోజుల నుంచీ నా బుర్ర మీద నాకే నమ్మకం లేకుండా చేశారు."

ఉత్తరాన్ని యజమానురాలు చెరిపించింది. నేను తిన్నగా నా గదికెళ్ళి, ఎవర్నీ అడక్కుండా ఇరవై కంప్యూటర్లలోనూ ఆ పెట్టె మళ్ళీ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఫోన్. "నా అనుమతి లేకుండా ఎవరు పెట్టమన్నారు?"

"తీసేటప్పుడు వాళ్ళ అనుమతి అడగలేదు కదండీ. మళ్ళీ తీయమంటే మాత్రం నేను తీయను. ఇంకెవరినైనా చూసుకోండి."

ఠపీమని పెట్టేశాడు. నిమిషం కాకుండానే అక్క చేసింది.

"ఏమే, నా తెర మీద ఏదో పెట్టె వచ్చింది. మేనేజరుగారు చూస్తారట. ఏది నొక్కను?"

"నీ తెర, నీ ఇష్టం అక్కా."

ఫోన్లో టక్కుమని వినిపించింది.

"వద్దన్నాను," అంది అక్క. "ఉంటానే, అవతల కాలు కొలవాలి."