డబ్బింగ్ గదిలో కాంతి జంటలు

మా ఆయన త్రినాథరావు పోయాక, ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి కిందనున్న ఆయన డబ్బింగ్ గదిని నేను తెరవలేదు. పక్కన మనిషి నడిచినా మైకుకు తెలియకూడదని నేల కింద రబ్బరు పరిపించి కట్టించుకున్న గది అది.

స్ఫూర్తి మా బడిలో నా దగ్గరే సైన్సు చదివింది. ఇప్పుడు జూబ్లీ హిల్స్‌లో, కాంతితో పనిచేసే చిప్పులు తయారుచేసే చిన్న కంపెనీలో ఉద్యోగం. ఆదివారం పొద్దున వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"టీచర్, మా ఆఫీసు ముంగట మెట్రోకు తవ్వుతున్నరు. బల్ల వణికి చిప్పుకు ఆనిచ్చిన ఫైబర్, కాంతి పోయే సన్న గాజు తీగ, జరుగుతుంది. రేపు మేనేజర్‌కు చిప్పుల పుట్టే కాంతి జంటలు చూపియ్యకపోతే నా పని బంద్ చేస్తరంట. సార్ రూం ఒక్క దినం ఇస్తరా?"

నేను కిందిగది తాళంవైపు చూశాను.

"ఫికర్ చెయ్యకుండ్రి, వేరే జాగా చూస్త," అని వెనక్కి తిరిగింది.

"కాఫీ తాగి పోవే."

కాఫీతోపాటు తాళంచెవి ఇచ్చాను.

సామాను కారులో వచ్చింది. గదిలో ఆయన నశ్యం వాసన ఇంకా ఉంది. స్ఫూర్తి గమనించి, సామాను సర్దడం మొదలుపెట్టింది.

చిప్పు గోరంత. అందులో కంటికి ఆనని సన్నటి వలయం. లేజర్ కాంతి అందులో తిరుగుతుంటే ఎప్పుడో ఒకసారి రెండు కాంతి కణాలు ఒకేసారి పుడతాయట. చెరో ఫైబర్‌లో పోయి, రెండు కొసల్లోని లెక్కపెట్టే యంత్రాలనూ ఒకే వేళకు తడతాయట; ఆ లెక్క కంప్యూటర్ తెరమీద పడుతుందట.

"మరి తెరమీద ఇన్ని ఒంటరిగా వచ్చాయేంటే?"

"చానమట్టుకు జోడీ ఉన్నయే టీచర్. జోడీ దారిల పోయింది." అనేసి నాలుక కరుచుకుంది.

"పాఠం సరిగ్గానే చెప్పావు. పని చూసుకో."

"లెక్క పేరుకునేదాక తలుపు తియ్యొద్దు. మీరు పైకి పోతరా?"

ఆయన రికార్డింగ్ మొదలుపెడితే నన్ను పైకి పంపేసేవారు.

"నా గాజులు చప్పుడవుతాయేమోనే."

"కాంతికి చెవులు లెవ్వు టీచర్, కూసోండ్రి!"

కూర్చున్నాను. మధ్యాహ్నానికి తెరమీది చదునైన గీత మధ్యలో చిన్న గుట్ట లేచింది. జంటగా వచ్చినవన్నీ అక్కడ చేరుతున్నాయి. స్ఫూర్తి కేకపెట్టి నన్ను వాటేసుకుంది.

"సాయంత్రం ఖాళీ చేస్త టీచర్."

"కదిలిస్తే ఆ ఫైబర్ మళ్లీ పక్కకు జరగదూ? మేనేజర్‌ను ఇక్కడికే రమ్మను. మెట్రో తవ్వకం అయ్యేదాకా ఉండనీ."

"మీకు తకలీఫ్ కాదా?"

"ఇబ్బంది అవుతుంది. అయినా ఉండనీ."